గడ్డపెరుగు దిద్దుబాటు

నేను ఒక ఎర్ర పెన్సిలును. నిజానికి సగం పెన్సిలును. మిగతా సగం మా అన్నయ్య నీలం. కార్ఖానాలో ఇద్దరినీ ఒకే కర్రలో వీపులంటించి పంపారు. రోజూ అరిగేది నేను. ఆయనగారు మాత్రం పాలవాడు రాని రోజున కేలండరు మీద ఒక సున్నా చుట్టి, ఆ అలసట వారమంతా తీర్చుకుంటాడు.

కాకినాడలో ఒక పుస్తకాల కొట్టు నుంచి శేషగిరిగారి జేబులోకి వచ్చాను. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే ఆయనకు అక్షరాలు తప్ప కథ కంటికి ఆనదు. భార్య వకుళ మొదటి నవల అచ్చుకు వెళ్తుంటే ప్రూఫులు ఆయనే పుచ్చుకున్నారు. ఆఫీసు పద్ధతే ఇంట్లోనూ: ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఒకరు అచ్చుకాగితం దిద్దాలి. చదవడానికి ఆయన తల్లి సుభద్రమ్మగారు కూర్చున్నారు.

నవలలో అత్తగారు మీగడంతా కొడుక్కి వేసి, కోడలు సుగుణకు నీళ్లమజ్జిగ పోస్తుంది. సుభద్రమ్మగారు అక్కడ కాస్త ఆగి, "కోడలికి గడ్డపెరుగు వేసింది" అని చదివారు. అచ్చులో మజ్జిగ చూసిన శేషగిరిగారు ప్రెస్సువాళ్లను విసుక్కుంటూ, నాచేత మజ్జిగ కొట్టేయించి పెరుగు వేయించారు. ఆపైన అత్తగారు తిట్టిన చోటల్లా దీవించింది. జ్వరంలో బట్టలుతికించిన చోట కషాయం కాచి ఇచ్చింది. నోరుంటే చెప్పేదాన్ని, నాకున్నది మొన మాత్రమే.

సాయంత్రానికి కాగితాలు ప్రెస్సుకు చేరాలి. వకుళ వంటింట్లోంచి వచ్చి పేజీలు తిరగేసింది.

"ఏవండీ, నా సుగుణ ఇల్లొదిలి ఎందుకు వెళ్లినట్టు?"

"రాసింది నువ్వు. నన్నడుగుతావేం?"

"గడ్డపెరుగు తిని, కషాయం తాగి, దీవెనలు మూటగట్టుకుని గుమ్మం దిగిపోయిందండీ మహాతల్లి. చదివినవాళ్లు పిల్లకి మతి చెడిందనుకుంటారు. పొయ్యి దగ్గర కూచుని ఇన్నేళ్లు రాసింది ఇందుకా?"

"అమ్మ చదివినట్టే దిద్దాను."

ఇద్దరూ అటు చూశారు. సుభద్రమ్మగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడవసాగారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"ఆ ముసల్ది నేనేనని ఊరంతా అనుకోదుటే?"

"అది కథ అత్తయ్యా."

"కథే. మీగడ సంగతి మాత్రం కథ కాదుగా."

సుభద్రమ్మగారు నన్ను కొడుకు చేతిలోంచి తీసుకున్నారు.

"కొట్టేసింది మళ్లీ ఉంచాలంటే ఏం చెయ్యాల్రా?"

"కింద చుక్కలు పెట్టాలమ్మా."

ఆవిడ మజ్జిగ కింద ముగ్గు పెట్టినంత శ్రద్ధగా చుక్కలు పెట్టారు. పెరుగు మీద గీత గీశారు.

"నీకు మజ్జిగ పోసినన్నాళ్లూ తప్పే చేశానే వకుళా," అన్నారు తలెత్తకుండానే. "ఇవాళ పెరుగు వెయ్యడమూ తప్పే."