దుప్పట్ల గోడ

ఆర్లిస్ పూల్ తలుపు తోసుకుని లోపలికి రాగానే మొదట చూసింది గోడని. నిన్న సాయంత్రం లేదది. ప్లైవుడ్ చెక్కలకి పాత దుప్పట్లు మేకులతో బిగించి, తన పెడల్ స్టీల్ గిటారు చుట్టూ మూడు పక్కలా నిలబెట్టారు. రోస్కో డ్రమ్ముల చుట్టూ లేదు. వెర్లిన్ పాడే మైకు చుట్టూ లేదు. వెర్లిన్ చెల్లెలు నదీన్ బేస్ వాయించే మూలా ఖాళీగానే ఉంది. ఒక్క తన చుట్టూనే.

"ఎవరు కట్టారిది?" అన్నాడు.

"నేనే," అంది డార్లా తల ఎత్తకుండా. మిస్సోరీ మూలన పాడుబడ్డ ఈ దాణా గోదాముని స్టూడియోగా మార్చుకున్నది ఆవిడే, టేపు మిషను ముందు కూర్చునేదీ ఆవిడే. "సౌండు కాస్త శుభ్రంగా వస్తుందని."

"ఇన్నేళ్లూ మురిగ్గానే వచ్చిందా?"

"కాఫీ ఉంది, తాగు."

అడిగినదానికి జవాబు కాఫీ అయితే, ఆ కాఫీలో ఏదో ఉన్నట్టే. ఆర్లిస్ కప్పు కుడిచేత్తో అందుకున్నాడు. ఎడమచెయ్యి జేబులోనే ఉంచుకున్నాడు. టెక్సస్ నుంచి వ్యాను తోలి తోలి అది తిమ్మిరెక్కుతోంది, అంతే. ఎవరికీ చెప్పాల్సినంత సంగతి కాదు.

వాళ్ల టిన్ సైలో బ్యాండుది మొదట్నించీ ఒకటే పద్ధతి. ఊరూరా తిరిగి, బీరు వాసన కొట్టే హాళ్లలో పాటని నలగ్గొట్టి, అది మాట వినడం మొదలెట్టాక ఇక్కడికొచ్చి, అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించి టేపుకెక్కించడం. ఎవడి ముక్క వాడు వాయించుకుపోతే తర్వాత అతికించే పని వాళ్లకి గిట్టదు. ఒకే గదిలో వాయిస్తే ఒకరి మోత ఇంకొకరి మైకులోకి కారుతుంది. డ్రమ్ముల మైకులో స్టీలు, పాట మైకులో డ్రమ్ము. ఒకడిని పీకేద్దామన్నా కుదరదు. వాడి నీడ అందరి మీదా పడి ఉంటుంది.

ఆర్లిస్‌కి ఈ పద్ధతంటే ప్రాణం. పెళ్లాం వెళ్లిపోయింది, వడ్రంగం వదిలేశాడు, ఈ కుర్చీ ఒక్కటే మిగిలింది. చొక్కాలోకి ఇంకిన మరకలాంటి మనిషిని ఎవడు తియ్యగలడు?

గోడ కడితే తియ్యగలడు.

లాన్నీకి జరిగింది అదేగా. ఫిడేలు వాయించేవాడు, మంచివాడు, కాస్త తాగేవాడు. వాడి చుట్టూ కూడా ఇలాగే దుప్పట్లు నిలబెట్టారు. సౌండు శుభ్రంగా వస్తుందనే అన్నారు. రికార్డు బయటికొచ్చాక అట్ట వెనక ఫోటోలో లాన్నీ ఉన్నాడు, లోపల వాడి ఫిడేలు ఒక్క చోట కూడా లేదు. ఆ రోజు ఆర్లిస్ నోరెత్తలేదు. నోరెత్తితే తన కుర్చీ కదులుతుందేమోనని.

గోడ లోపలికి వెళ్లి కూర్చున్నాడు. బల్లలా పడుకోబెట్టిన తీగలు, కింద పెడళ్లు, మోకాళ్లకి తగిలే మీటలు, ఎడమచేత్తో తీగల మీద జరిపే ఇనుప కడ్డీ. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ ముక్కుకి ఏదో తగిలింది. వంగి కింద చెయ్యి పెట్టాడు. వేళ్లు జిడ్డుగా తిరిగొచ్చాయి. నూనె. ప్రతి కీలుకీ పట్టించారు. తను వాడే నూనె కూడా కాదిది.

ఒకడి స్టీలు ఇంకొకడు ముట్టుకోడు. అది ఎక్కడా రాసిపెట్టి లేదు, రాయక్కర్లేదు. ఇంకొకడి పళ్ల బ్రష్షు ముట్టుకుంటామా?

అప్పుడు గుర్తొచ్చాడు గడ్డంవాడు. పోయిన వారం ఆర్కన్సాలో స్టేజీకి ఆనుకుని నిలబడి, పాట వింటున్నట్టు కాకుండా తన చేతులనే చూశాడు. కచేరీ అయ్యాక వ్యాను వెనక వెర్లిన్, వాడూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. తను దగ్గరికి రాగానే వెర్లిన్ గట్టిగా నవ్వి వాతావరణం గురించి ఎత్తుకున్నాడు. వెర్లిన్ టాకెట్ జన్మలో వాతావరణం గురించి మాట్లాడిన పాపాన పోలేదు.

ఆర్లిస్ బయటికొచ్చాడు. వ్యాను మెట్టు మీద కూర్చుని రోస్కో ఉడికించిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నాడు.

"నిన్న నేను మోటెల్‌కి పోయాక ఇక్కడికెవరొచ్చార్రా?"

"ఎవరొస్తారు? ఒక ఉడుత వచ్చింది. నీకంటే బాగా వాయించింది. పనిలో పెట్టేసుకున్నాం."

"వేళాకోళం కాదు రోస్కో. నా స్టీలుని ఎవడో ముట్టుకున్నాడు."

రోస్కో నవ్వు ఆగింది. ఒక కాయ చిదిపి, గింజలు పారేసి, తొక్క నోట్లో వేసుకున్నాడు. మళ్లీ ఉమ్మేశాడు. "నేను డ్రమ్ములు కొట్టుకునేవాణ్ణి ముసలోడా. నన్నెందుకు అడుగుతావ్? వెర్లిన్ని అడుగు."

అంటే అడగాల్సింది ఉందన్నమాట.

వెర్లిన్ని అడగలేదు. అందరూ లోపలికొచ్చి పాట ఎత్తుకున్నారు. గోడ మధ్య ఆర్లిస్‌కి ఎవరి మొహమూ కనబడలేదు. చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లలోంచి వాళ్ల వాయింపు పక్కింట్లో పెళ్లిలా వినబడింది. పాట అయింది. అవతల గుసగుస. తర్వాత వెర్లిన్ గొంతు, పాలమీగడలా మెత్తగా:

"మాది వచ్చేసింది ఆర్లిస్. నువ్వొక్కడివీ ఇంకోసారి వాయించు. మేం కాసేపు బయట కూర్చుంటాం."

నువ్వొక్కడివీ! ఆర్లిస్ హెడ్‌ఫోన్లు లాగి పారేసి గోడని కాలితో తన్నాడు. చెక్క వెల్లకిలా పడి దుమ్ము లేచింది.

"అందరం కలిసి. ఒకే గదిలో. ఎప్పట్లాగే. లేదంటే నా పెట్టె నేను సర్దుకుంటా, ఆ గడ్డంవాణ్ణి పిలుచుకోండి."

"ఏ గడ్డంవాడు?"

"నా దగ్గరా నాటకాలు? ఆర్కన్సాలో వ్యాను వెనక నువ్వు ముచ్చట్లాడినవాడు. నూనె ఎవరి కోసం పట్టించారు, వాడి కోసమేగా?"

వెర్లిన్ డార్లా వైపు చూశాడు. డార్లా నేల చూసింది. "అన్నయ్యా, చెప్పెయ్," అంది నదీన్.

"సరే. గోడ తీసెయ్యండి," అన్నాడు వెర్లిన్.

తీశారు. ఎదురెదురుగా కూర్చుని వాయించారు. అలాంటి వాయింపు ఆ బ్యాండుకి చాలాకాలంగా కుదర్లేదు. వెర్లిన్ ఆఖరి చరణంలో గొంతు బాగా దించేసి, పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు పాడాడు. పాట ఆగాక రోస్కో కర్రలు ఒళ్లో పెట్టుకుని, "ఇంత బాగా నేనింకెప్పుడూ కొట్టలేన్రా," అన్నాడు.

ఆర్లిస్ నమ్మకం కోసం అడిగాడు. "వెర్లిన్ పాట మైకు ఒక్కటీ వినిపించు డార్లా. మిగతావి మూసెయ్. నేనందులో ఉన్నానో లేదో వింటా."

"ఎందుకులే ఆర్లిస్."

"వినిపించమంటున్నా."

వినిపించింది. ఉన్నాడు. వెర్లిన్ గొంతు వెనకాల, దూరంగా, స్టీలు ఏడుపు సన్నగా ఉంది. ఆర్లిస్ గుండె కుదుటపడింది. ఇక ఎవడూ పీకలేడు. అప్పుడు ఆఖరి చరణం వచ్చింది. వెర్లిన్ గొంతు దించిన చోట ఇంకో చప్పుడు. టకటకటక. చలికి పళ్లు కొట్టుకుంటున్నట్టు, తీగల మీద ఇనుము కొట్టుకుంటున్న చప్పుడు.

"ఏమిటది?" అన్నాడు. "మీట వదులైందా?"

"వదులైందనే అనుకున్నాం," అన్నాడు వెర్లిన్. "టూర్ మొదట్నించీ వినబడుతోంది. ఆ గడ్డంవాడు స్టీలు వాయిస్తాడట. ఏమై ఉంటుందని అడిగితే, కీళ్లు అరిగుంటాయి, నూనె పట్టించి చూడమన్నాడు. నిన్న నువ్వు వెళ్లాక నేనే పట్టించా. స్టీలుదే తప్పు కావాలని దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ పట్టించా."

ఆర్లిస్ తన ఎడమచేతిని చూశాడు. ఇనుప కడ్డీని ఇంకా పట్టుకునే ఉంది. తను కదపడం లేదు. అదే కదులుతోంది, ఒడ్డున పడ్డ చేపలా. కుడిచెయ్యి దాని మీద వేసి అదిమిపెట్టాడు.

"నాతో ఒక్క మాట అనడానికేం?"

"అనుంటే మళ్లీ మాతో వ్యాను ఎక్కేవాడివా? గోడ ఉంటే నీ ముక్క కుదిరేదాకా ఎన్నిసార్లయినా వాయించుకోవచ్చు. గోడ లేకపోతే నీ చెయ్యి నా గొంతులోకి వచ్చి పడుతుంది. ఇప్పుడు వచ్చి పడిందిగా."

"లాన్నీకీ ఇదే చెప్పావా?"

వెర్లిన్ ఒళ్లో ఉన్న తన గిటారు తీగ గోటితో గీకాడు. "లాన్నీకి ఏమీ చెప్పలేదు."

ఇంత బాగా కుదిరిన పాట ఇక పనికిరాదు. దాంట్లోంచి తనని పీకలేరు గనకే పనికిరాదు. ఆర్లిస్ లేచి పడిపోయిన చెక్కని భుజానికెత్తుకున్నాడు. నదీన్ సాయానికి వచ్చింది.

"వదిలెయ్ పిల్లా. నా గోడ నేనే కట్టుకుంటా."

వడ్రంగి చెయ్యి కదా, తిన్నగానే నిలబెట్టాడు. చెక్కకీ చెక్కకీ మధ్య మాత్రం అరచెయ్యి దూరేంత సందు వదిలాడు. అందులోంచి వెర్లిన్ సగం మొహం కనబడుతుంది.

"సందుంటే సౌండు కారుతుంది ఆర్లిస్," అంది డార్లా.

"ఆ మాత్రం కారనీ."

ఎవరూ బయటికి పోలేదు. వెర్లిన్ తన స్టూలుని జరుపుకుని సరిగ్గా ఆ సందుకి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. తోడుకి కూర్చున్నాడో, కాపలాకి కూర్చున్నాడో ఆర్లిస్‌కి తేలలేదు. ఒక కన్ను సందు మీదే ఉంచి, కడ్డీని తీగల మీద ఆనించాడు. డార్లా టేపు తిప్పింది.