నడిమి గది గడప

మా ఇంటి ముందు ఒక నల్లరాయి బోర్డు ఉంది. దాని మీద బంగారు రంగు అక్షరాలతో ఈ ఇంటి చరిత్ర చెక్కించారు. కాలేజీ పెట్టిన కొత్తలో లెక్చరర్ల కోసం కట్టిన క్వార్టర్లలో ఇదొకటి. పెద్దాయన కుర్ర లెక్చరర్‌గా ఇక్కడే దిగారు, పాఠాలు చెప్పారు, విద్యార్థుల సమ్మెలో ముందు నిలబడ్డారు, ఉద్యోగం వదిలేసి ఎన్నికల్లో పోటీ చేశారు, గెలిచి రాజధానికి వెళ్ళిపోయారు. అక్కడితో బోర్డు అయిపోతుంది. దాని ప్రకారం ఆ తర్వాత ఈ ఇంట్లో ఏమీ జరగలేదు.

ఆ తర్వాత ఈ ఇంట్లో మేమున్నాం. నా వయసంతా ఇక్కడే గడిచింది. పెద్దాయన ఉన్నది మూడేళ్ళో నాలుగేళ్ళో.

నాన్న కాలేజీ వర్క్‌షాపులో వడ్రంగి. వానొస్తే గదికో బకెట్ పెట్టుకోవాల్సిన ఈ కొంపలో దిగడానికి ఏ లెక్చరరూ ఒప్పుకోకపోతే, బాగు చేసుకుని ఉండమని ఆయనకిచ్చారు. మేం వచ్చిన కొత్తలోనే అక్కకి జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గానీ చూపు పోయింది. అమ్మ ఏడుస్తూ కూర్చుంది. నాన్న రంపం తెచ్చి ఇంట్లో గడపలన్నీ కోసేశాడు. వర్క్‌షాపులో పారేసిన పాత ల్యాబ్ బల్లల చెక్కని చిత్రిక పట్టి, వెనక గది నుంచి ముందు వరండా దాకా గోడల వెంట నడుమెత్తున పట్టీ బిగించాడు. ప్రతి గుమ్మానికి ముందు పట్టీలో ఒక గాడి చెక్కాడు. వంటింటి మలుపు దగ్గర మాత్రం గాడి పక్కన ఇంకో గాడి.

అక్క ఆ పట్టీ మీద వేళ్ళు ఆనించి ఇల్లంతా చకచకా తిరిగేది. కొత్తవాళ్ళకి ఆమెకి చూపు లేదని చెబితే మేం వేళాకోళమాడుతున్నామనుకునేవాళ్ళు. నాన్న పోయాక నాకు కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉద్యోగమిచ్చారు, క్వార్టరూ నా పేరు మీదికి మారింది. మధ్యలో నాకొక పెళ్ళి కూడా అయింది. అది నిలవలేదు, ఇక్కడ దాని ఊసెందుకు.

అక్కకి ఈ ఇంట్లో అన్నిటికన్నా ఇష్టం ముందు వరండా. మా ప్రహరీ గోడ పొట్టిది, కూర్చోడానికి సరిగ్గా సరిపోతుంది. సాయంత్రం క్లాసులయ్యాక పిల్లలు దాని మీద చేరతారు. కళ్ళు కనబడని మనిషికి చెవులు కూడా వినబడవని వాళ్ళ నమ్మకం. కాలేజీలో ఎవరికి ఎవరి మీద మనసైందో, ఎవరు పరీక్ష తప్పి ఇంట్లో చెప్పలేదో అన్నీ అక్క చెవిన పడేవి. నేను ల్యాబ్ నుంచి రాగానే కుర్చీ దగ్గరికి పిలిచేది.

"ఆ నసుగుడు గాడు ఇవాళ కూడా నోరు విప్పలేదే. ఆ పిల్ల బస్సెక్కి పోయింది. వీడితో వేగలేకపోతున్నాను."

"నీకెందుకే అక్కా వాళ్ళ గోల?"

"నాకు కాకపోతే ఇంకెవరికే? ఆ పిల్ల తరఫున నేను కాక ఇంకెవరున్నారిక్కడ?"

ఇల్లు స్మారకం చేస్తారని పుకారు చాలా ఏళ్ళుగా ఉంది. పెద్దాయన పార్టీ మళ్ళీ గెలిచేసరికి మా ప్రిన్సిపాల్ గారికి ఉన్నట్టుండి చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. రాజధాని నుంచి ఒక ఇంజనీరుని పిలిపించారు. మేమంతా మ్యూజియం సార్ అనేవాళ్ళం. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. ఆయన దగ్గర ఒక పాత ఫోటో ఉంది. నడిమి గది గుమ్మంలో గడప మీద కూర్చుని, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని చదువుకుంటున్న బక్కపల్చటి కుర్రాడు. పెద్దాయన ఇంట్లో ఉండగా తీసిన ఫోటో అదొక్కటే. ఇల్లు ఆ ఫోటోలో ఉన్నట్టు చేయాలన్నారు.

మ్యూజియం సార్ ఎర్ర చాక్‌పీసు పట్టుకుని గదిగదీ తిరిగారు. ఆ ఫోటో తర్వాత వచ్చిన ప్రతిదాని మీదా ఒక ఇంటూ మార్కు. గూట్లో అరలకి, పంపుకి, నాన్న వేసిన కిటికీ తలుపులకి. చివరికి పట్టీ మీద కూడా.

"సార్, ఈ పట్టీ ఒక్కటి ఉంచండి. మా అక్క దీన్ని పట్టుకునే నడుస్తుంది" అన్నాను.

"అర్థమైందమ్మా. కానీ సార్ ఉన్నప్పుడు ఇది లేదు కదా."

"ఆ సారు ఇప్పుడు ఇక్కడ లేరు. మేమున్నాం."

ఆయన నిజంగానే బాధపడ్డారు, మొహం చూస్తే తెలిసింది. బాధపడుతూనే ఇంటూ మార్కు ఇంకోసారి దిద్దారు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళితే రెండు దారులు చూపించారు. హాస్టల్ మూడో అంతస్తులో ఒక గది, లేదా ఇక్కడే వెనక గదిలో కేర్‌టేకర్‌గా ఉండి ఊడ్చి తుడిచి తాళాలు తీయడం. మేడ మెట్లు అక్కెలా ఎక్కుతుంది? వెనక గదికే తలూపాను. నేను ఇంకేం చేయగలను? నాకు ఇప్పటికీ తోచదు.

పట్టీ పోయింది. గోడ తడుముకుంటూ అయినా నడిచేదే అక్క, కానీ గడపలు మళ్ళీ వచ్చాయి. వెనక గది నుంచి వరండాకి మూడు గుమ్మాలు, మూడు గడపలు, ఒక్కోటి ఒక్కో ఎత్తు. నడిమి గదిది అన్నిటికన్నా ఎత్తు, ఫోటోలో అలాగే ఉందట. రెండుసార్లు కాలు తట్టుకుని పడబోయాక అక్క వెనక గది దాటడం మానేసింది. చెయ్యి పట్టుకుని తీసుకెళతానన్నాను.

"వద్దే" అంది. "నా అంతట నేను నడిచినంతకాలం ఇంట్లో కరెంటు పోయినట్టుంటుంది, అంతే. నువ్వు చెయ్యి పట్టుకున్నావంటే నేను నిజంగా గుడ్డిదాన్నయిపోతాను."

ఆ తర్వాత నేను మళ్ళీ అడగలేదు. సాయంత్రాలు వెనక గదిలో మంచం మీద కూర్చుని, గోడ మీది పిల్లల మాటలు ఇక్కడిదాకా వినిపిస్తాయేమోనని తల పక్కకి వంచేది. వినిపించేవి కావు. నసుగుడు గాడి సంగతేమైందని నన్నడిగేది. నాకేం తెలుసు? ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. అబద్ధమని కనిపెట్టి నవ్వేది.

స్మారకం తెరవడానికి పెద్దాయనే వస్తున్నారని కబురొచ్చింది. దాని వెనకే ఇంకో కబురు. ఆయన ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉన్నారు, గడపలుంటే కుదరదు. నేను నెలల తరబడి కాళ్ళావేళ్ళా పడితే అంగుళం కదలని గడపలు ఒక్క పూటలో లేచిపోయాయి. నలుగురు వడ్రంగులు వచ్చారు, ప్రిన్సిపాల్ దగ్గరుండి తీయించారు. నాకు కోపం రావాలి. కానీ పరిగెత్తుకుంటూ వెళ్ళి అక్కకి చెప్పాను.

మర్నాడు తెల్లవారి లేచేసరికి మంచం మీద అక్క లేదు. వెతుక్కుంటూ వెళితే ముందు వరండాలో, తన పాత చోట్లో, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. అరచేతులకి గోడ సున్నం అంటుకుంది.

"ఒక్కదాన్నే వచ్చానే. పట్టీ లేకుండా" అంది. అక్క మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు.

ఆ రోజే ప్రారంభోత్సవం. జనం, పోలీసులు, మైకులు. అక్కని లోపలికి పంపమన్నారు. పంపలేదు. పెద్దాయన కుర్చీ వరండా దాటి, ముందు గది దాటి, నడిమి గది గుమ్మంలో ఆగింది. ప్రిన్సిపాల్ వంగి, "మీరు ఇక్కడే కూర్చుని చదువుకునేవారు సార్" అన్నారు. ఫోటో పెద్దది చేసి పక్కన గోడకి తగిలించారు.

పెద్దాయన ఫోటో చూశారు, కింద నేల చూశారు. "గడపేదీ?" అన్నారు.

ప్రిన్సిపాల్ గారి మొహం చూస్తే ఇంకెప్పుడైనా నాకు నవ్వొచ్చేది.

తిరిగి వెళ్ళేటప్పుడు కుర్చీ అక్క పక్కనుంచే వచ్చింది. చక్రాల చప్పుడు దగ్గరికి రాగానే అక్క లేచి నిలబడి చేతులు జోడించింది.

"బాబూ, నేను ఈ ఇంట్లోనే ఉంటాను. నాకు చూపు లేదు. ఈ గడపలు మళ్ళీ పెట్టొద్దని ఒక్క మాట చెప్పి వెళ్ళండి."

పెద్దాయన కుర్చీ ఆపించారు. అక్క చేతుల మీద చెయ్యి వేశారు. "అలాగే తల్లీ. నేను చెబుతాను" అన్నారు. పక్కనున్న సెక్రటరీ తలూపాడు. కెమెరాలు మెరిశాయి. మర్నాడు పేపర్లో వచ్చింది ఆ ఫోటోనే.

"మాటిచ్చాడే" అంది అక్క. ఊరందరి గుట్టూ తెలిసిన మనిషి, ఎవరి మాటా ఊరికే నమ్మని మనిషి. "నా చేతుల మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. ముసలి చెయ్యి, వణుకుతోంది పాపం."

ఆయన చెప్పే ఉంటారేమో. చెప్పడం మర్చిపోయారేమో. కాలేజీకి మాత్రం చేరింది ఒకే ఒక్క మాట, గడపేదీ అన్నది. సారు అడిగారు, సారు నొచ్చుకున్నారు, వెంటనే పెట్టేయాలి. స్మారకం తెరిచిన మర్నాడే నాకు ల్యాబ్‌లో ప్రాక్టికల్ పరీక్షలు. పొద్దున నేను వెళ్ళేటప్పుడు గుమ్మాలు చదునుగానే ఉన్నాయి. రోజంతా బయట వేదిక విప్పుతున్నారు, బారికేడ్లు పీకుతున్నారు, ఎక్కడ చూసినా సుత్తి దెబ్బలే. ఆ మోతలో ఇంట్లో పడిన సుత్తి దెబ్బలు అక్కకి వేరుగా వినబడలేదు. వెనక గదికి వచ్చి ఆమెకొక మాట చెప్పాలని ఆ వడ్రంగులకి తోచలేదు. వెనక ఒక మనిషి ఉందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం పిల్లలు గోడ మీద చేరే వేళకి అక్క లేచింది. ముందు రోజు నడిచినట్టే నడిచింది. వెనక గది గుమ్మం దగ్గర తట్టుకుంది గానీ గోడ దొరికి నిలదొక్కుకుంది. ఏ చెక్కముక్కో అడ్డం వచ్చిందనుకుందట. నడిమి గది దగ్గర పట్టుకోడానికేమీ దొరకలేదు. గోడ మీద కూర్చున్న పిల్లలు కేక విని లోపలికి దూకి వచ్చారు. ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది వాళ్ళే. అందులో ఒకడు మాట పెగలక నసుగుతుంటే, "నువ్వా" అందట అక్క.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇనుప కడ్డీ వేశారు. నెలలు గడిచాక చేతికర్రతో లేచి నిలబడగలుగుతోంది.

నేను ప్రిన్సిపాల్ గదిలో అరిచాను. టేబుల్ మీద చెయ్యి కొట్టి అరిచాను, జీవితంలో ఎవరి మీదా అలా అరవలేదు. ఆయన మంచినీళ్ళిచ్చారు. గోడకి చెప్పుకున్నా ఒకటే. స్మారకం సందర్శకులతో బాగానే నడుస్తోంది. వచ్చినవాళ్ళందరూ వరసలో నిలబడి, నడిమి గది గడప మీద కూర్చుని, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని ఫోటో దిగుతారు. పుస్తకం కూడా అక్కడే ఉంచాం. రోజూ పొద్దున ఆ గడప తుడిచి నూనె రాయడం నా పనిలో భాగం. రాస్తున్నాను. రాయకపోతే ఈ వెనక గది కూడా ఉండదు.

నిన్న ఆదివారం, స్మారకానికి సెలవు. అక్క మంచం మీద లేచి కూర్చుంది.

"వరండాలోకి వెళదామా?" అంది.

చేతికర్ర అందించాను. తీసుకోలేదు. చెయ్యి చాపింది.

"పట్టుకోవే" అంది.

పట్టుకున్నాను. ఈ ఇంట్లో అక్క చెయ్యి పట్టుకుని నడిపించడం నాకదే మొదలు. వెనక గది గడప దాటి, మెల్లగా అడుగులో అడుగు వేసుకుంటూ నడిమి గది గుమ్మం దాకా వచ్చాం.

"కాలెత్తక్కా, గడప" అన్నాను.

అక్క ఆగిపోయింది. వరండా అవతల గోడ మీద ఎవరో హాస్టల్ పిల్లలు నవ్వుకుంటున్నారు. అక్క కాలెత్తలేదు.

"వద్దులే" అంది. "మంచం దగ్గరికి తీసుకుపో."