బోడిగడ్డ బయలుకు ఎర్ర రంగు

నేను ఒక రెండు కొనల పెన్సిల్‌ని. ఒక కొన ఎరుపు, ఇంకో కొన నీలం. ఫ్యాక్టరీలో రెండు రంగుల ములుకుల్నీ ఒకే కర్రలో పెట్టి జిగురుతో అతికించారు. అప్పటినుంచి ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు నాలో కాపురం చేస్తున్నారు. ఎరుపుకు తాను లేకపోతే లోకం నడవదని మిడిసిపాటు. నీలం ఏమీ అనదు, ఊరికే ఉంటుంది. అదే ఎరుపుకు ఇంకా మంట.

నన్ను మొదట కొన్నది హైస్కూలు లెక్కల మాస్టారు. ఆయన చేతిలో మూడు నెలలు సున్నాలు చుట్టడమే నా ఉద్యోగం. పిల్లలు నన్ను చూస్తే చాలు, ముఖాలు వేలాడేసేవారు. తప్పులు చేసింది వాళ్లు, పాపం మూటగట్టుకున్నది నేను. తర్వాత మాస్టారికి ఎన్నికల డ్యూటీ పడింది. జీపు కోసం ఫారెస్టు రేంజి ఆఫీసుకు వచ్చి, ఏదో కాగితం మీద గీతలు గీసి, నన్ను బల్లమీదే మరచిపోయి వెళ్లారు. రేంజరు మస్తాన్ వలీ గారు నన్ను తీసి జేబులో దోపుకున్నారు. ఆఫీసు బల్లమీద దొరికింది ఆఫీసుదేనని ఆయన సిద్ధాంతం.

ఆ ఏడాదే ఇందుమతి అనే పరిశోధకురాలు వచ్చింది. ఆ మెట్ట ప్రాంతమంతా గుట్టలు, గడ్డి బయళ్లు, మధ్యమధ్య తుమ్మ పొదలు. అందులో చిరుతలు తిరుగుతాయి. అన్ని చోట్లా కాపలా కాయడానికి మనుషులు లేరు, జీపులు అసలే లేవు. కాబట్టి ముందుగా ఏయే చోట్లను కాపాడాలో తేల్చి, మ్యాపు మీద గుర్తు పెట్టాలి. చిరుతలున్న చోటికి ఎరుపు, లేని చోటికి నీలం. ఆమె రంగు పెన్సిల్ అడిగితే రేంజరు గారు నన్ను ఇచ్చారు. సున్నాలు చుట్టిన దాన్ని చిరుతల తలరాత రాసే స్థాయికి ఎదిగాను. ఆ రోజు ఎరుపు పొగరు చూడాలి.

పని పద్ధతి చెబుతాను. బాటకు అటూ ఇటూ చెట్లకు, మోకాలి ఎత్తున, కెమెరాలు కడతారు. ఎదురుగా ఏది కదిలినా అవి ఫొటో తీస్తాయి. నలభై కెమెరాలు కట్టారు. గుట్టల్లో ఫొటోలకు చిరుతలు పడ్డాయి, నేను ఎర్రగా పూశాను. బోడిగడ్డ అనే గడ్డి బయల్లో ఒక్కటీ పడలేదు, నీలంగా పూశాను. పడకపోవడానికి కారణం మాత్రం చిరుతలు లేకపోవడం కాదు. అక్కడ కెమెరా కట్టడానికి చెట్టు లేదు. చెట్టు లేదు కాబట్టి కెమెరా లేదు, కెమెరా లేదు కాబట్టి చిరుత లేదు. ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ ఇది తట్టలేదు. అడవి శాఖ వాళ్లకు చెట్టు లేని నేల కంటికి ఆనదు.

నీలం పూసిన భూముల కోసం ఒక సోలార్ కంపెనీ కాచుకుని ఉంది. పై ఆఫీసుకు మ్యాపు వెళ్లగానే బయలు చుట్టూ కంచె వేసి, పలకలు పరుస్తుంది.

సరిగ్గా అప్పుడే గాదిలింగప్ప వచ్చాడు. గొర్రెలు కాసే కురుబాయన, అరవై ఏళ్లుంటాయి. నూట ఇరవై గొర్రెలు, వాటికి ఆ బయలు తప్ప వేరే మేత లేదు.

"సామీ, నిన్న పొద్దున మళ్లీ ఒకదాన్ని ఎత్తకపోయింది. ఇది మూడోది. ఆ చిరుతను పట్టి యాడికన్నా తీసకపోండి" అన్నాడు.

"యాడప్పా?" అన్నారు రేంజరు గారు.

"బోడిగడ్డ బయల్లో."

"ఆ బయల్లో చిరుతల్లేవు గదప్పా. మ్యాపులో నీలం ఉండాది సూడు."

గాదిలింగప్ప మ్యాపును నిదానంగా చూశాడు. "ఈ కాగితం నా గొర్రెకు సూపించింటే బతికేదేమో సామీ."

ఇందుమతి చేతిలోంచి నేను జారి కిందపడ్డాను. ఆమె ఆయన్ని కూర్చోబెట్టి అంతా అడిగింది. తల్లి చిరుత, రెండు పిల్లలు, వాగు వంకలో మకాం. ఆమె కూడా దాచకుండా చెప్పింది: బయల్లో చిరుత ఉన్నట్టు ఫొటో లేకపోతే ఆ నేల కంపెనీకి పోతుంది, చుట్టూ కంచె పడుతుంది.

చిరుతను తరిమించడానికి వచ్చిన గాదిలింగప్పే, అది అక్కడే ఉందని రుజువు చేయాల్సి వచ్చింది.

"కెమెరాకు చెట్టే కావాల్నా మేడమ్మా? గుంజ సాలదా?"

మంద చుట్టూ వల కట్టే గుంజలు ఎనిమిది పీక్కొచ్చి ఇచ్చాడు. వల లేని మందకు ఆయనా, ఆయన భార్యా వంతులేసుకుని కాపలా కాశారు. ఆ గుంజలు బయల్లో పాతి కెమెరాలు కట్టారు. మొదటి వారం నాలుగు వేల ఫొటోలు వచ్చాయి. గాలికి ఊగే గడ్డి, గొర్రెల వీపులు, ఎనిమిది కెమెరాల ముందూ తలగుడ్డ సర్దుకుంటున్న గాదిలింగప్ప. ఇదేమిటని అడిగితే "ఫొటో గదా మేడమ్మా" అన్నాడు. తొమ్మిదో రోజు తల్లి చిరుత వచ్చింది. వెనక రెండు పిల్లలు. ఒక పిల్ల గుంజను కొరుకుతోంది. ఇందుమతి ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది.

నీలం మీద ఎరుపు పూస్తే బయలు వంకాయ రంగుకు తిరిగింది. పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్ద సారు మ్యాపు చూసి, "ఈ రంగేమిటమ్మా? కింద వివరం రాయలేదే?" అన్నారు.

ఆమె ఫొటో చూపించింది.

"చెట్లు లేవు కదా, చిరుత ఎలా వచ్చింది?"

"దానికి ఆ సంగతి తెలిసినట్టు లేదు సార్."

ఆయన నవ్వారు. "సరే, ఎరుపే. కంచె వేసి గొర్రెల మేత ఆపించండి."

గాదిలింగప్ప తన గుంజల కోసం వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నీలమైతే కంపెనీ కంచె, ఎరుపైతే మా కంచె. ఆయనకు నేను చేసిన ఉపకారం ఇదా?

ఇందుమతి ఫొటోను మళ్లీ పెద్ద సారు ముందుకు జరిపింది. "సార్, ఆ ఫొటో ఈ గాదిలింగప్ప గుంజకు కట్టిన కెమెరా తీసింది. మందలు తిరిగే నేల కాబట్టే అది ఇన్నాళ్లూ ఎవరూ దున్నకుండా మిగిలింది."

"మేత ఉంటే రేపు ఇంకో గొర్రె పోతుంది. ఈయన మళ్లీ మన మీదికే వస్తాడు."

"వస్తా సామీ" అన్నాడు గాదిలింగప్ప. "గొర్రె పోతే మీ కాడికి వస్తా. బయలే పోతే ఎవురి కాడికి పోవాల?"

పెద్ద సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నన్ను అందుకుని, మ్యాపు అంచున స్వయంగా రాశారు: గొర్రెల మేత మామూలుగానే సాగాలి. అంత పెద్ద బయలు పూసిన ఎరుపు అప్పటికే అరిగిపోయింది. చివరి మాట కనీకనిపించకుండా పడింది.

గాదిలింగప్పకు చదువు రాదు. ఇందుమతి చేత మూడుసార్లు చదివించుకున్నాడు. వేలితో తడిమి, "కడ మాట సరిగా పళ్లేదు" అన్నాడు. మొలలోంచి కత్తి తీసి, నన్ను పట్టుకుని, కర్ర చెక్కి చెక్కి ఆవగింజంత ఎరుపు బయటికి తీశాడు. "దిద్దండి సామీ."

అంత పెద్ద సారూ మారుమాట్లాడకుండా దిద్దారు. దాంతో నాలో ఎరుపు అయిపోయింది.

ఇప్పుడు రేంజి ఆఫీసు సొరుగులో నీలం ముక్కగా పడి ఉన్నాను. ఎరుపు పోయాక ఇల్లు బోసిపోయినట్టుంది, నిజం చెప్పాలి కదా. మొన్న బల్ల దగ్గర గాదిలింగప్ప గొంతు వినిపించింది. నాలుగో గొర్రె పోయిందట. పరిహారానికి అర్జీ రాయించి, చిరుతను నోటికొచ్చినట్టు తిట్టాడు. దాన్ని పట్టుకుపొమ్మని మాత్రం ఒక్కసారీ అనలేదు.