ట్యాంకుకు జ్ఞానతల్లి

మేయర్ తెయోఫిలో రొట్టెల బుట్టతో గుమ్మంలోకి రాగానే యుదోసియాకు ఎందుకొచ్చాడో అర్థమైంది. ఎవరి కోసమో మాత్రం అర్థం కాలేదు. తెల్లగుడ్డ కప్పిన రొట్టెల బుట్ట, సారా సీసా పట్టుకుని ఆ కొండ ఊళ్ళో ఎవరైనా ఇంటికి వచ్చారంటే, తమ బిడ్డకు జ్ఞానస్నానంలో తల్లిగా నిలబడమని అడగడానికే. తెయోఫిలో ఆఖరి కొడుక్కి ఇరవై రెండేళ్ళు. మీసాలు కూడా ఉన్నాయి.

"ఎవరికి బాబూ?" అంది, చేటలో బార్లీ ఏరుతూనే.

"ట్యాంకుకు."

మూల కూర్చుని చెప్పు కుట్టుకుంటున్న మొగుడు నెమేసియో తల ఎత్తలేదు కాని, సూది ఆపాడు.

"కొత్త నీళ్ళ ట్యాంకుకు, యుదోసియమ్మా. ఆదివారం ప్రారంభం. పిల్లలకు సత్యోపదేశం చెప్పే మనిషివి. ఊళ్ళో నీకన్నా తగినవాళ్ళు ఎవరున్నారు చెప్పు?"

ఇందులో వింత లేదు. ఆ ఊళ్ళో వంతెనకు జ్ఞానతండ్రి ఉన్నాడు, బడి గంటకు ఉన్నాడు, కసాయి దుకాణంలో తక్కెడకు కూడా ఉన్నాడు. రిబ్బన్లు కట్టిన కుండ పగలగొట్టి, ఫాదర్‌గారు పవిత్ర జలం చల్లాక ఫోటోకు నిలబడితే వాళ్ళ పని అయిపోతుంది. తక్కెడ తండ్రి తన బిడ్డ తూకం ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

వింతల్లా ఏమిటంటే, ఆ ట్యాంకు మీద ఫిర్యాదు రాసింది యుదోసియాయే. నెల రోజులుగా దానిలోంచి పసుపుపచ్చని నీళ్ళు వస్తున్నాయి. ప్రారంభోత్సవం ఎన్నికల ముందుకు అట్టేపెట్టారు కాని, నీళ్ళు ముందే వదిలారు. గని కింది వాగులోంచి గొట్టం వేశారని అందరికీ తెలుసు. పిల్లలు కడుపు పట్టుకుని బడి మానేస్తున్నారు. ఫిర్యాదు మీద సగం ఊరు సంతకాలు పెట్టింది, మిగతా సగం వేలిముద్రలు వేసింది. సోమవారం జిల్లా ఆరోగ్య కార్యాలయానికి పట్టుకెళ్ళాలి.

రొట్టె తీసుకుంటే తెయోఫిలో ఆమెకు కొంపాద్రే అవుతాడు, ఆమె అతనికి కొమాద్రే. బిడ్డ తండ్రికీ జ్ఞానతల్లికీ దేవుడు కలిపే చుట్టరికం అది. ఆ తర్వాత ఒకరి మీద ఒకరు వీధికెక్కకూడదు, కాగితం పెట్టకూడదు. అలాగని రొట్టె తీసుకోకపోతే, బిడ్డను కాదన్నట్టు. ఆ ఊళ్ళో బిడ్డను కాదన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

"రేపు చెప్తాను," అంది.

"రొట్టె ఎండిపోతుందమ్మా," అన్నాడు మేయర్, ఎంతో ఆప్యాయంగా, బుట్ట అక్కడే దింపి వెళ్తూ.

మర్నాడు పొద్దున్నే గుడికి వెళ్ళి పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి మోకరించింది.

"ఫాదర్, మనసులో కోపం పెట్టుకుని జ్ఞానతల్లిగా నిలబడితే పాపమా?"

ఫాదర్ గాస్పర్‌కు డెబ్బై ఏళ్ళు. "పాపమే అయితే ఈ ఊళ్ళో సగం మంది జ్ఞానస్నానాలు మళ్ళీ చేయించాలి," అన్నాడు. మళ్ళీ అన్నాడు: "కోపం సంగతి దేవుడు చూసుకుంటాడు. మాట ఇస్తే మాత్రం నిలబెట్టుకో. పిల్లలకు నువ్వే కదా చెప్తావు, జ్ఞానతల్లి పని ఏమిటని?"

"కన్నవాళ్ళు బాధ్యత తప్పితే బిడ్డను తను చూసుకోవాలని."

"మరి?"

యుదోసియా సిలువ గుర్తు వేసుకుని లేచింది. తర్వాత ఇంటికి వెళ్ళి రొట్టె విరిచింది.

వార్త ఆమెకన్నా ముందు పాలదుకాణం చేరింది. "రొట్టెలు మెత్తగా ఉన్నాయా తల్లీ?" అంది వరసలో ముందున్న ఇలారియా, వెనక్కి తిరక్కుండానే. ఫిర్యాదు మీద మొదటి వేలిముద్ర ఆమెది. "మా మనవడు మూడు రోజుల్నుంచి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు. వాడికీ ఓ ముక్క పంపించు."

యుదోసియా రెండు రొట్టెలు పంపింది. ఇలారియా తిరిగి పంపించేసింది. ఫిర్యాదు కాగితం మరియతల్లి బొమ్మ కిందే ఉంది.

ఆదివారం కుండ పగిలింది. వాయిద్యాలు మోగాయి. ఫాదర్ నీళ్ళు చల్లి పక్కకు జరగబోతుంటే యుదోసియా కదలలేదు.

"నన్ను ప్రశ్న అడగలేదు ఫాదర్."

"ట్యాంకులకు అడగం అమ్మా."

"అడగండి."

ఫాదర్ మేయర్ వైపు చూశాడు. మేయర్ ఫోటో తీసేవాడి వైపు చూసి నవ్వాడు. "అడగండి ఫాదర్, ఎంత భక్తో చూడండి!"

ఫాదర్ అడిగాడు. తల్లిదండ్రులకు వారి బాధ్యతలో తోడు ఉంటావా? ఉంటాను, అంది యుదోసియా, ఊరంతటికీ వినబడేలా. మేయరే ముందు చప్పట్లు కొట్టాడు.

సోమవారం పొద్దున ఆమె ట్యాంకు కుళాయి కింద గాజు కూజా నింపి మేయర్ ఇంటి తలుపు తట్టింది. కొమాద్రేను గుమ్మంలో నిలబెట్టకూడదు కనుక మేయర్ భార్య బ్రిహిదా లోపలికి పిలిచి కుర్చీ వేసింది. యుదోసియా కూజాను బల్ల మీద పెట్టింది. వెలుతురులో నీళ్ళు గుడ్డు సొనలా ఉన్నాయి.

"కొంపాద్రే, బిడ్డకు ఒంట్లో బాగోలేదు."

తెయోఫిలో రొట్టె నములుతున్నవాడు ఆగాడు. "ఏ బిడ్డకు?"

"మన బిడ్డకే. చూడండి, కామెర్లు వచ్చినట్టు ఎలా ఉందో."

"అది ఇనుము, కొమాద్రే. రక్తానికి మంచిది. ఇంజినీరు చెప్పాడు."

"అలాగా. నాకు తెలీక కంగారుపడ్డాను." ఆమె సంచిలోంచి రెండు గ్లాసులు తీసి నింపింది. "అయితే బిడ్డ పేరున ఇద్దరం తాగుదాం. నిన్న కుండ పగిలిపోయింది, మనం కలిసి తాగనేలేదు."

కొమాద్రే పోసిన గ్లాసు తాగకపోతే చుట్టరికం ఉమ్మేసినట్టు. తెయోఫిలో గ్లాసు అందుకున్నాడు. యుదోసియా తన గ్లాసు పెదాల దాకా తెచ్చి, అతని కోసం ఆగింది. ఆమె నిజంగానే తాగేలా ఉంది. అదే అతన్ని కంగారు పెట్టింది.

"తాగరేం?" అంది బ్రిహిదా, పొయ్యి దగ్గర్నుంచి. "ఓహో, మనకు గాడిద మీద పై ఊట నీళ్ళు కదూ వస్తున్నాయి. ఇవి అలవాటు తప్పినట్టున్నాయి."

తెయోఫిలో గ్లాసు బల్ల మీద దింపాడు.

"నువ్వు నా మీద కాగితం పెట్టకూడదు కొమాద్రే," అన్నాడు తెయోఫిలో, మెల్లగా.

"పెట్టను. ఆ కాగితం మరియతల్లి దగ్గరే ఉంది, అక్కడే ఉంటుంది. ఇది వేరే." ఆమె ఇంకో కాగితం తీసింది. "బిడ్డను పరీక్షకు తీసుకెళ్ళాలని అర్జీ. డాక్టర్ల దగ్గర తండ్రి సంతకం అడుగుతారు కదా. తోడు నేను వెళ్తాను, మాట ఇచ్చాను."

అతను కాగితం చదివాడు. గ్లాసు వైపు చూశాడు. మళ్ళీ కాగితం చదివాడు. బ్రిహిదా చెయ్యి తుడుచుకుని కలం తెచ్చి అతని ముందు పెట్టి, గ్లాసు రెండో చేతికి దగ్గరగా జరిపింది.

అతను కలం తీసుకున్నాడు.

యుదోసియా రెండు గ్లాసులూ పెరట్లో పారబోసి, కడిగి, సంచిలో పెట్టుకుంది.

గురువారం ఆరోగ్య కార్యాలయం వాళ్ళు వచ్చారు, సీసాలు నింపుకున్నారు. మర్నాడు ట్యాంకుకు తాళం పడింది, లారీలో నీళ్ళు రావడం మొదలైంది. లారీ వరసలో ఇలారియా వెనక్కి తిరిగి యుదోసియాను తన ముందుకు లాగి నిలబెట్టింది.

తెయోఫిలో ఎన్నికల్లో ఓడాడో గెలిచాడో ఆ నెల ఇంకా తేలలేదు. బజారులో ఎదురైతే మాత్రం అతను టోపీ తీయక తప్పడం లేదు.

"బిడ్డ ఎలా ఉంది కొమాద్రే?" అంటాడు పళ్ళ బిగువున.

"మందు పడుతోంది కొంపాద్రే," అంటుంది యుదోసియా.

ఆదివారం దివ్యపూజ అయ్యాక ఆమె కొండెక్కి ట్యాంకు దగ్గరకు వెళ్తుంది. ఖాళీ సిమెంటు మీద చెయ్యి ఆనించి పరలోక ప్రార్థన చెప్పి వస్తుంది.

"నీళ్ళు లేని ట్యాంకుకు ప్రార్థన ఏమిటే?" అన్నాడు నెమేసియో.

"నీళ్ళున్నప్పుడే తల్లిని, లేనప్పుడు కాదు అని చెప్పలేదుగా," అని, బార్లీ చేట ముందుకు లాక్కుంది.