రీడర్ ఆన్ చేసే పద్ధతి

“బటన్ నొక్కుడే గదా నీ పని,” అంటాడు మా ఆయన ఉపేందర్, ఎప్పుడైనా అలిసిపోయానంటే. హనుమకొండలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రేలు తీస్తాను నేను. పొద్దున అయిదింటికి వంటింట్లో నిలబడినదాన్ని, తొమ్మిదింటికి అక్కడికి పోయి నిలబడతాను.

ఆ బటన్ సంగతి చెప్పాలి. ఎక్స్‌రే బొమ్మను చదివే మా రీడర్ పాతది. రెండేళ్ల కిందట డాక్టర్ గారు కొత్త కంప్యూటర్ తెచ్చారు గానీ రీడర్ జోలికి పోలేదు. ఆ రెండింటికీ అస్సలు పడదు. కంపెనీ మనిషి వచ్చి చూసి, ఇవి కలవవు, రీడర్ మార్చుకోండి అనేసి పోయాడు. చివరికి మూలన పడేసిన పాత కంప్యూటర్ని మధ్యలో పెట్టి నేనే ఎలాగో కుదిర్చాను. రోజూ ముందు రీడర్ వేయాలి. అది గుర్రుమనడం ఆపాక పాత కంప్యూటర్. దాని తేదీ తెల్లారేసరికి పదిహేనేళ్లు వెనక్కి పోయి ఉంటుంది. సరిచేయకపోతే కొత్తది బొమ్మల్ని తీసుకోదు. ఇదంతా అయ్యేలోగా బయట చెయ్యి విరిగినవాళ్లు గొణుగుతుంటారు. డాక్టర్ గారు నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకుని, మొన్న ఇన్‌చార్జిగా కుమారస్వామిని తెచ్చి పెట్టారు. మగవాడైతే సాయంత్రం ఆలస్యమైనా ఉంటాడట. ఈ రెండేళ్లూ ఆలస్యంగా ఉన్నదెవరని నేను అడగలేదు. అడగాల్సింది.

మరిపెడలో అమ్మకు కంటి ఆపరేషన్ అన్నారు. నేను ఒక్కతే కూతుర్ని. రెండు రోజులు సెలవడిగాను, రీడర్ పుణ్యమా అని ఇన్నాళ్లూ ఒక్కటీ పెట్టింది లేదు. మరి రీడర్ ఎట్లా అన్నారు డాక్టర్ గారు. అమ్మకెట్లా ఉందని అడగలేదు. కుమారస్వామికి అన్నీ కాగితం మీద రాసిచ్చి వెళ్లమన్నారు.

ఒక పేజీ అవుతుందనుకున్నాను. నాలుగయ్యాయి. ఏ వైరు వదులుగా ఉంటుందో, ఎప్పుడు ఆపి మళ్లీ వేయాలో, ఎర్రలైటు వెలిగితే దేన్ని ముట్టకూడదో. ఇంత పని నాకు తెలుసని రాసేదాకా నాకే తెలియదు. కోపం కూడా వచ్చింది, ఇన్నాళ్లూ దీన్ని బటన్ అంటుంటే ఊరుకున్నందుకు.

సాయంత్రం బ్యాగు సర్దుతుంటే అత్తమ్మ శ్యామలమ్మ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. రెండు దినాలంటే ఎట్లనే, వానికి కుక్కర్ పెట్టుడు సుత రాదాయె అని నసిగింది. ఉపేందర్ మాత్రం తేలిగ్గానే ఉన్నాడు. కాగితాల సంగతి చెబితే నవ్వాడు. పోయి పెన్నూ నోటుబుక్కూ తెచ్చి నా ముందు పెట్టాడు.

“గట్లనే ఇంటియి గూడ రాసిపెట్టి పో. అమ్మ బీపీ గోలీలు, నీళ్ల మోటరు, పిల్ల టిఫిను. నాకేం తెల్సు అయన్ని.”

అలవాటు చొప్పున పెన్ను తీసుకున్నాను. ‘గోలీలు పొద్దున’ అని రాశాను కూడా. ఆ తర్వాత చెయ్యి కదల్లేదు. పద్నాలుగేళ్ల కిందట ఈ ఇంటికి వచ్చిననాడు నాకెవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు. పెన్నుకు మూతపెట్టి ఆయన చేతికిచ్చాను.

“కుమారస్వామి వచ్చి నెల గూడ కాలే, తెల్వదని రాసిచ్చిన,” అన్నాను. “మీరు ఈ ఇంట్లనే పుట్టిండ్రు గదా.”