నడిపినవారి పేరు

నోటీసు తెచ్చిన కానిస్టేబులు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, సంతకం చేయించుకుని వెళ్ళిపోయాడు. బుచ్చిరాజు ఆ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. షుగరు వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, కారు తుడుస్తున్న డ్రైవరు అంజిబాబుని పిలిచి చదవమన్నాడు.

అంజిబాబు తడి చేతులు చొక్కాకి తుడుచుకుని చదివాడు. రావులపాలెం దగ్గర, హైవే మీద, గంటకి అరవై దాటకూడదని బోర్డున్న చోట ఈ కారు తొంభై ఎనిమిదిలో పోయిందట. పోలీసులు మిషనుతో కొలిచారట. ఆపమని చెయ్యి చూపినా ఆగలేదట. ఆ సమయంలో కారు నడిపినవారి పేరూ, లైసెన్సు వివరాలూ కారు యజమాని వారంలోగా రాసివ్వాలట.

చివరికొచ్చేసరికి అతని గొంతు సన్నబడిపోయింది.

"ఏరా, నీకు మతి గానీ పోయిందా?" అన్నాడు బుచ్చిరాజు. "కారు ఇచ్చి పంపితే ఇదా నువ్వు చేసే పని? ఎవర్ని గుద్దేద్దామని?"

అంజిబాబు తల వంచుకుని నిలబడ్డాడు.

"రావులపాలెం దగ్గర ఆపమంటే ఆగకుండా పోయేవా? మా తాతల నాటినుంచీ ఈ గుమ్మంలోకి పోలీసు కాగితం వచ్చిన పాపాన పోలేదు. మాట్లాడవేం?"

వంటింట్లో కొబ్బరి కోరుతున్న విజయదుర్గకి ఇదంతా వినిపిస్తూనే ఉంది. మొదట ఏ గొడవో అర్థం కాలేదు. రావులపాలెం అన్న మాట చెవిన పడగానే చెయ్యి ఆగిపోయింది. కోరాం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, వసారాలోకి వచ్చింది. ఆ కాస్త దూరం నడిచేలోపు ఊరుకుందామని ఒకసారి అనిపించింది కూడా. అంజిబాబు ఎలాగూ చెప్పడు. ఆయన కాసేపు అరిచి మరిచిపోతారు.

"అతన్నేం అనకండి. ఆ రోజు నడిపింది నేనండి," అంది.

బుచ్చిరాజుకి భార్య కారు నడుపుతుందని తెలియకపోలేదు. కళ్ళు మందగించాక తనే నేర్చుకోమన్నాడు. కాలవ గట్టు మీద అంజిబాబే నేర్పాడు, అమలాపురం వెళ్ళి లైసెన్సూ తెచ్చుకుంది. అయితే నడపడమంటే ఆయన లెక్కలో కొత్తపేట బజారుదాకా, మహా అయితే పుట్టింటిదాకా. ఆ వేళ ఆమె చెల్లెల్ని రాజమండ్రి స్టేషన్లో రైలెక్కించడానికి వెళ్ళింది. అంజిబాబుకి అక్కడ పాస్‌పోర్టు పనేదో ఉంటే, నువ్వు చూసుకుని బస్సులో రమ్మని చెప్పి, ఒక్కతే కారు తీసుకుని వచ్చేసింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

"హైవే మీదా? ఒక్కదానివేనా?" అన్నాడాయన.

"అవునండి."

ఆయన ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే ఆమెకి కాస్త తేలిగ్గా ఉండేది. మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా పులుసు వడ్డిస్తే చాలనడానికి చెయ్యి అడ్డం పెట్టాడే తప్ప మాట లేదు.

సాయంత్రానికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. భార్యనీ, తల్లి సుందరమ్మనీ కూర్చోబెట్టి, అంజిబాబుని గుమ్మం దగ్గర నిలబెట్టి చెప్పాడు.

"కాగితం మీద అంజిబాబు పేరు రాసేద్దాం. కోర్టుకి వాడు వెళ్ళి జరిమానా కట్టి వస్తాడు. డ్రైవరు కాబట్టి ఎవరూ వింతగా చూడరు."

"ఆయ్, అలాగేనండి రాజుగారూ," అన్నాడు అంజిబాబు. "నాదేం పోయిందండి."

"పోవడానికి చాలానే ఉంది," అంది విజయదుర్గ. "రాజోలు ఏజెంటు ఏమన్నాడో నాతో చెప్పేవు కదా. కువైట్లో డ్రైవరు పనికి లైసెన్సు మీద ఏ కేసూ ఉండకూడదన్నాడా లేదా?"

అంజిబాబు గుమ్మం చెక్క గోకుతూ, "అన్నాడనుకోండి," అన్నాడు.

"వాడికి నేను వేరే చూస్తాను," అన్నాడు బుచ్చిరాజు. "ముందు మన పరువు సంగతి చూడాలి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు కోర్టు మెట్లెక్కేరని ఎక్కడైనా విన్నామా? బంట్రోతు నీ పేరు పెట్టి అరుస్తాడు. ఊరంతా వింటుంది."

"విననివ్వండి. నేను చేసిందే కదండి."

అంతవరకూ వత్తులు చేసుకుంటున్న సుందరమ్మ తలెత్తింది. ఆమె కోడలి పక్షమో కొడుకు పక్షమో ఎప్పుడూ ముందుగా తెలియదు.

"అబద్ధం రాసి సంతకం పెట్టేది నువ్వు కదా బుచ్చీ, అది రేపు బయటపడితే మెట్లెక్కేది నువ్వే," అంది. "దాన్నే వెళ్ళనీ. అమ్మాయ్, ఎందుకంత జోరుగా వచ్చేవని జడ్జిగారడిగితే, మా అత్తగారికి ఊపిరాడ్డం లేదని కబురొచ్చిందండీ అను. నేనేం అనుకోను. ఈ వయసులో ఊపిరాడకపోవడం వింతేం కాదు."

వారం గడువు ముగియకముందే ఆ కాగితం మీద విజయదుర్గ పేరు వెళ్ళింది. బుచ్చిరాజు సంతకం పెట్టి, కలం బల్ల మీద పడేసి పొలానికి వెళ్ళిపోయాడు.

కోర్టు వాయిదా కొత్తపేటలో. బుచ్చిరాజు రాలేదు. తన స్నేహితుడు, ప్లీడరు కేశవరావుకి మాత్రం ఫోను చేసి చెప్పాడు. విజయదుర్గ నేత చీర కట్టుకుని, అంజిబాబు నడుపుతుంటే వెనక సీట్లో కూర్చుని వెళ్ళింది. కోర్టు వరండాలో ఒక మూల కోడిపందేల్లో పట్టుబడ్డవాళ్ళు, ఇంకో మూల గట్టు తగాదావాళ్ళు. ఇద్దరు ఆడవాళ్ళు బెంచీ మీద కాస్త జరిగి ఆమెకి చోటిచ్చారు.

"ఏ కేసమ్మా తమది?" అని అడిగింది వాళ్ళలో పెద్దావిడ.

"కారు జోరుగా నడిపేనని."

"మీరే? స్వయంగా?" ఆవిడ పక్కావిడకేసి తిరిగి, "విన్నావా," అంది. అందులో ఎగతాళి లేదు. కొత్త విషయం తెలుసుకున్నట్టుగా ఉంది, అంతే.

కేశవరావు నల్లకోటు సర్దుకుంటూ వచ్చాడు. "చెల్లెమ్మగారూ, నేరం ఒప్పేసుకుందాం. మొదటిసారి కాబట్టి నాలుగొందల్లోపు జరిమానాతో పోతుంది. లైసెన్సు సంగతి రవాణా ఆఫీసువాళ్ళు చూస్తారు. కారణం మాత్రం ఏదో ఒకటి చెప్పాలండి. ఒంట్లో బాగోలేకో, పిల్లలకి జ్వరమో. బుచ్చిరాజుగారు మీ అత్తగారి మాట చెప్పేరు, అది బాగుంటుంది."

ఆమె తల ఊపింది. అనాలనే అనుకుంది.

బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ఆమె పేరు పిలిచాడు. అన్నంతా అయింది. పేరు వరండా దాటి, కాంపౌండులో టీ బండి దాకా వెళ్ళింది. టీ తాగుతున్నవాళ్ళు తిరిగి చూశారు. పెళ్ళయ్యాక ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అంత గట్టిగా పిలిచినవాళ్ళు అసలు లేరు. సిగ్గుపడతాననుకుంది గానీ, లేచి లోపలికి నడిచేసరికి ఆ సంగతే గుర్తు రాలేదు.

మేజిస్ట్రేటు చిన్నవాడు, జలుబుతో ఉన్నాడు. కాగితాలు చూసి, ఆమెని చూసి, మళ్ళీ కాగితాలు చూశాడు.

"కారు నడిపింది మీరేనా?"

"ఆయ్," అంది విజయదుర్గ. వెంటనే సర్దుకుని, "నేనేనండి," అంది.

"అతివేగంగా నడిపారని అభియోగం. ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నానండి."

"పోలీసులు ఆపితే ఆగలేదని కూడా ఉంది."

"నేను చూడలేదండి. నిజంగా చూడలేదు."

"అంత వేగం ఎందుకు? ఏమైనా అవసరం వచ్చిందా?"

కేశవరావు చిన్నగా దగ్గాడు. అత్తగారు, ఊపిరి, కబురు అన్నీ నాలిక చివర ఉన్నాయి. ఇంటి దగ్గర వత్తులు చేసుకుంటున్న మనిషికి ఇక్కడ ఊపిరాడకుండా చేయడానికి నోరు రాలేదు.

"అవసరం ఏమీ లేదండి. కొత్త రోడ్డు ఖాళీగా ఉంది. వెళ్తుంటే బాగుందనిపించింది," అంది.

కోర్టు హాల్లో ఎవరో నవ్వి ఆపుకున్నారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. రుమాలుతో ముక్కు తుడుచుకుని, "యూనిఫారం వేసుకుని, రోడ్డు మీదకొచ్చి చెయ్యి ఊపిన మనిషి మీకు కనపడలేదన్నారు. మామూలు మనిషి అడ్డొస్తే కనపడేవాడా?" అన్నాడు. కోపంగా కాదు, లెక్క సరిచూస్తున్నట్టు అడిగాడు. సమాధానం కోసం ఆగకుండా జరిమానా రాసేశాడు. మొదటిసారి కాబట్టి ఇంతటితో వదులుతున్నాననీ, ఇంకోసారైతే ఇలా ఉండదనీ చెప్పి, తర్వాతి కేసు పిలవమన్నాడు.

గుమాస్తా దగ్గర జరిమానా కట్టి, రసీదు తీసుకుని ఆమె బయటకి వచ్చింది. కేశవరావు, "బాగుందనిపించిందని చెప్పేరేమిటండీ," అంటూ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కారెక్కాక అంజిబాబు అద్దంలోంచి చూసి, "అయిపోయినట్టేనాండి అమ్మగారూ?" అన్నాడు.

అయిపోయిందనే అంది. కానీ మేజిస్ట్రేటు అడిగిన ప్రశ్న ఆమెని వదల్లేదు. ఆ రోజు దారిలో ఏమేం చూసిందో గుర్తు తెచ్చుకోబోయింది. వంతెన గుర్తుంది. కింద గోదారి ఇసకతిన్నెలు, తెల్ల గీతలు, కిటికీలోంచి గాలి గుర్తున్నాయి. మనుషులెవరూ గుర్తు రావడం లేదు. రావులపాలెం దగ్గర అరటి గెలలు కట్టుకుని సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ వేళ లేకుండా ఎలా పోతారు? ఉండే ఉంటారు. వాళ్ళ పక్కనుంచే తను పోయి ఉంటుంది. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని తనకి తనే చెప్పుకుంది. కాకపోవడంలో తన గొప్ప ఏమీ లేదని కూడా తోచింది.

తర్వాత రవాణా ఆఫీసు వంతు వచ్చింది. అమలాపురం వెళ్ళి సంజాయిషీ రాసిచ్చింది. అక్కడా కారణం అడిగారు, అక్కడా అదే చెప్పింది. మూడు నెలలు లైసెన్సు ఆపేశారు. కార్డు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఆ నెల్లోనే అంజిబాబుకి వీసా వచ్చింది. వెళ్ళే ముందు సుందరమ్మ కాళ్ళకీ, బుచ్చిరాజు కాళ్ళకీ దణ్ణం పెట్టి, విజయదుర్గ దగ్గరికి వచ్చి ఏం చెప్పాలో తెలియక, "గేరు మార్చేటప్పుడు కిందకి చూడకండమ్మగారూ," అన్నాడు. "అక్కడ నువ్వూ జోరుగా పోకు," అందామె.

ఇప్పుడు కారు ఉంది, నడిపేవాళ్ళు లేరు. బుచ్చిరాజుని కళ్ళ డాక్టరుకి చూపించాలంటే కాకినాడ వెళ్ళాలి. కొత్త డ్రైవరు దొరికేదాకా ఆగుదామంటే డాక్టరు ఆగొద్దన్నాడు. ఇద్దరూ బస్సెక్కారు. బుచ్చిరాజు బస్సెక్కి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. మెట్టు కనపడక తడబడితే విజయదుర్గ చెయ్యి పట్టుకుని ఎక్కించింది. కిటికీ వైపు ఆయన్ని కూర్చోబెట్టింది.

వంతెన మీదకి రాగానే బస్సు జోరందుకుంది. ఆయన చాలాసేపు బయటకి చూస్తూ కూర్చున్నాడు. చూస్తున్నాడో లేదో చెప్పడం కష్టం.

"ఇక్కడేనా?" అన్నాడు.

"దాటి వచ్చేసేమండి. వంతెన ఎక్కకముందే."

"నాకు చెప్పి ఉండాల్సింది."

"చెబితే వెళ్ళనిచ్చేవారు కాదు."

ఆయన ఆలోచించాడు. "నిజమే, వెళ్ళనిచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. మళ్ళీ తనే, "బాగుందని చెప్పేవట కోర్టులో. కేశవరావు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు," అన్నాడు.

"బాగుందండి. కానీ తర్వాత భయమేసింది. దారిలో ఒక్క మనిషి మొహం కూడా నాకు గుర్తు లేదు."

బుచ్చిరాజు కళ్ళద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి పెట్టుకున్నాడు. ముందు సీటు కమ్మీ మీద ఆమె చెయ్యి ఉంటే, పక్కనే తన చెయ్యి వేశాడు.

ఆ కళ్ళు పూర్తిగా బాగుపడలేదు. ఉన్న చూపు నిలబడింది, అంతే. మూడు నెలలు దాటాక లైసెన్సు తిరిగి వచ్చింది. కొత్త డ్రైవర్ని పెట్టే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కాకినాడకి ఆమె నడిపేది. బుచ్చిరాజు పక్క సీట్లో కూర్చుని, కనిపించని రోడ్డు గురించి మధ్యమధ్య సలహాలు ఇచ్చేవాడు. ఆమె ఎడమ అంచు పట్టుకుని, సైకిలువాళ్ళని ఒక్కొక్కళ్ళనీ చూసుకుంటూ పోయేది. వెనకనుంచి ధాన్యం లారీలు హారన్ కొడితే, పక్కకి తప్పుకుని వాళ్ళని పోనిచ్చేది.