ట్రస్టు గదిలో నాలుగో కుర్చీ

నేను ఒక చేతుల్లేని కుర్చీని. అయ్యో అని జాలిపడకండి. చేతులున్న కుర్చీలు చెయ్యలేని పని నేను చేశాను. అది చెప్పాలనే ఈ ఆత్రమంతా. ఉండండి, మొదట్నుంచీ చెప్తాను.

విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లు ఉండేది. యంత్రాల సామాన్లు వచ్చిన చెక్కపెట్టెలు విప్పి, మిల్లు వడ్రంగి ఒక్క పూటలో నన్ను చేసిపడేశాడు. ఎందుకంత తొందరంటే, మర్నాడే పింఛను ట్రస్టు మొదటి సమావేశం. పనివాళ్లు కొంత, మిల్లు కొంత వేసుకుని, రిటైరైనవాళ్లకు నెలనెలా పింఛను ఇచ్చే ఏర్పాటది. ఆ సొమ్ముకు కాపలా నలుగురు ట్రస్టీలు: యాజమాన్యం తరఫున ఇద్దరు, పనివాళ్లు ఎన్నుకున్నవాళ్లు ఇద్దరు. గదిలో మెత్తలు కుట్టిన కుర్చీలు మూడే ఉన్నాయి. నాలుగోది కొందామని ఏ పెద్దమనిషికీ తోచలేదు. మనుషులు మర్యాదను కూడా పొదుపుగానే వాడతారు లెండి.

సంచులు కుట్టే సెక్షను నుంచి గెలిచిన కోరాడ అచ్చియ్యమ్మ అందరికంటే ఆఖర్న వచ్చింది. అలా నేను ఆవిడకు దక్కాను. మొదటి నాలుగేళ్లూ నా అంచు మీదే కూర్చుంది, ఎవరో లేవమంటారేమో అన్నట్టు. ప్రతి సమావేశానికీ అరగంట ముందు సోమయాజులు గారు వచ్చేవారు. ఆయన రిటైరైన హెడ్ క్లర్కు, తానూ పింఛనుదారే. ఇంగ్లీషు కాయితాలు ఒక్కొక్కటే చదివి ఆవిడకు తెలుగులో చెప్పేవారు. ట్రస్టీ అంటే మిల్లు మనిషీ కాదు, యూనియన్ మనిషీ కాదు, పింఛను మీద బతికేవాళ్ల మనిషి అని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. సొమ్ము కొత్త చోట పెట్టాలంటే సమావేశంలో ఉన్న ట్రస్టీలందరూ ఒప్పుకుని తీరాలన్న షరతు కూడా ఆయన చదివిందే. ఆవిడ బుద్ధిగా తలూపేది.

ఇక అసలు రోజుకొస్తాను. మిల్లు మేనేజరు చంద్రమౌళి గారే ట్రస్టుకు అధ్యక్షుడు. మిల్లు యజమాని బావమరిది భీమిలి దగ్గర హోటలు కడుతున్నాడట, పింఛను సొమ్మంతా అందులో పెడదామన్నారు. సొమ్మంతా! ఆ సొమ్ము పోతే నాలుగు వందల ముసలి ప్రాణాలకు పూటగడవదు. పనివాళ్ల రెండో ట్రస్టీని సరిగ్గా ఆ వారమే ఏదో శిక్షణ అని కలకత్తా పంపించేశారు. అచ్చియ్యమ్మ ఒక్కత్తే మిగిలింది.

గేటు దగ్గర యూనియన్ నాయకుడు గురునాయుడు ఆవిడకు ఒకటే మాట నూరిపోశాడు: వినకపోతే వాకౌట్ చేసెయ్యి, బయట దండలు, నినాదాలు మేం చూసుకుంటాం. యూనియన్ వాళ్లకు వాకౌట్ అంటే వీరత్వం మరి. అచ్చియ్యమ్మ కూడా అందుకే సిద్ధపడి వచ్చింది.

ఆవిడ వద్దంది. చంద్రమౌళి గారు నవ్వి, సంచులు కుట్టుకునేదానికి పెట్టుబడుల సంగతి ఏం తెలుస్తుందమ్మా అన్నారు. నాకే ఒళ్లు మండిపోయింది, ఆవిడకు మండదా? దిగ్గున లేచింది. నా గుండె జారిపోయింది. ఓసి పిచ్చితల్లీ, నువ్వు వెళ్లిపోతే ఇక్కడ ఉన్నవాళ్లందరూ ఒప్పుకున్నట్టేనే! ఆయన రెచ్చగొట్టింది అందుకేనే! ఎంత మొత్తుకుంటే ఏం లాభం, చెక్క గొంతు ఎవరికి వినిపిస్తుంది?

అప్పుడు ఆవిడ చీర చెంగు నా వెనక కాలి మేకుకు తగులుకుంది. నేను పట్టుకున్నానని నేనంటాను. వడ్రంగి తొందరలో మేకు సరిగ్గా దిగ్గొట్టలేదని మీరంటారు. మీ ఇష్టం.

చెంగు విడిపించుకోవడానికి ఆవిడ వంగింది. ఆ కాస్త సేపట్లో చంద్రమౌళి గారు సమావేశం వివరాలు రాస్తున్న స్టెనోతో నెమ్మదిగా అంటున్న మాట ఆవిడ చెవిన పడింది.

“ఆవిడ వెళ్లిపోయిందని రాయండి. కింద, ఉన్నవాళ్లందరూ ఒప్పుకున్నారని రాయండి.”

అచ్చియ్యమ్మకు సోమయాజులు గారు చదివిన షరతు గుర్తొచ్చింది. చెంగు విడిపించుకుని మళ్లీ కూర్చుంది. అంచు మీద కాదు సుమండీ, వీపు పూర్తిగా నాకు ఆనించి, మొట్టమొదటిసారి!

“నాను ఎల్లలేదు బాబూ. ఇక్కడే కూకున్నాను. అచ్చియ్యమ్మ ఒప్పుకోలేదని పేరెట్టి రాయండి.”

ఉద్యోగం పోతుందన్నారు. ట్రస్టుకు రావలసిన లాభం పోగొట్టావని నీ ఒక్కదాని మీదే కేసు పడుతుంది, ఇల్లమ్మినా చాలదన్నారు. ఆవిడ రెండు చేతులా నా అంచులు గట్టిగా పట్టుకుంది. బయట గురునాయుడు దండ పట్టుకుని ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయాడు. సైరను మోగింది, షిఫ్టు మారింది. ఆవిడ లేవలేదు. చివరికి చంద్రమౌళి గారికి రైలు టైమై, ఆ ముక్క రాయించక తప్పలేదు. అబ్బ, ఆనందంతో నా నాలుగు కాళ్లూ నేల మీద నిలవలేదంటే నమ్మండి!

వారం తిరక్కుండా ఆవిడను పనిలోంచి తీసేశారు. సంచుల సెక్షనులో ఆడవాళ్లంతా సూదులు కింద పెట్టేశారు. గురునాయుడి నినాదాలు అప్పుడు పనికొచ్చాయి. సోమయాజులు గారు అర్జీల మీద అర్జీలు రాశారు. ఆరు నెలలకు ఆవిడ ఉద్యోగం తిరిగొచ్చింది, దాంతోపాటు కొత్త నిబంధనలు కూడా వచ్చాయి. కాదన్నందుకు ఏ ట్రస్టీనీ పనిలోంచి తీయకూడదు, కేసు పడితే ఖర్చు మిల్లుదే, కాయితాలు వారం ముందే తెలుగులో ఇవ్వాలి. హోటలు మాత్రం స్తంభాల దగ్గరే ఆగిపోయిందట.

ఆ తర్వాత చాలా ఏళ్లకు మిల్లు మూతపడింది. మగ్గాలు తుక్కు కింద పోయాయి, మెత్తల కుర్చీలు వేలంలో పోయాయి. నన్ను ఎవరూ పాడలేదు. పింఛను ట్రస్టు మాత్రం బతికే ఉంది, ఊళ్లో ఒక అద్దెగదిలో. నేనూ అక్కడే ఉన్నాను.

మొన్న అక్కడ సమావేశం జరుగుతోంది. ట్రస్టీలిప్పుడు అందరూ మిల్లులో చేసి రిటైరైనవాళ్లే. కొత్త ట్రస్టీ తవిటినాయుడు నా మీద కూర్చుని ఏదో కాయితానికి ఒప్పుకోనంటున్నాడు. మిగిలినవాళ్లంతా ఆయన మీద పడి అరుస్తున్నారు. అప్పుడే అచ్చియ్యమ్మ వచ్చింది, తాను బతికే ఉన్నానని ఏటేటా ఇచ్చే కాయితం పట్టుకుని. ఒళ్లు వంగిపోయింది, మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. ఆవిడను చూసి తవిటినాయుడు గబుక్కున లేవబోయాడు, కూర్చో అప్పా అంటూ, సొంత అక్కను పిలిచినట్టు.

ఆవిడ ఆయన భుజం మీద చెయ్యేసి నొక్కింది.

“నువ్వు లెగకు నాయనా. నాను నిలబడతాను.”

సమావేశం అయ్యేదాకా అలాగే నిలబడింది.